నడుమ సర్వరు లేని వల

వెంకటగిరికోట (వి.కోట) బస్టాండులో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు తన ఫోన్లోని పెళ్ళి వీడియోని రెండోవారికి వాట్సాప్‌లో పంపారనుకోండి. మధ్యలో ఉన్న దూరం జానెడు. ఆ జానెడు దాటడానికి వీడియో ముందు ఊళ్ళోని సెల్ టవరుకి పోతుంది. అక్కణ్ణుంచి ఫైబర్ తీగల్లో టెలికాం కంపెనీ ఏ పెద్ద నగరంలోనో పెట్టుకున్న కేంద్రానికి, అక్కణ్ణుంచి వాట్సాప్ సర్వర్లకి చేరి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి వచ్చి పక్క ఫోన్లో దిగుతుంది. కొన్నేళ్ళ కిందట ఇదే పని షేర్‌ఇట్‌తోనో జెండర్‌తోనో చేసేవాళ్ళం. ఒక ఫోను తానే చిన్న వైఫై కేంద్రంగా మారేది, రెండోది దాన్ని పట్టుకునేది, ఫైలు నేరుగా ఈ ఫోన్లోంచి ఆ ఫోన్లోకి పోయేది. టవరు అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి డేటా చవకయ్యేదాకా వి.కోటలోనైనా, పుంగనూరులోనైనా పాటలూ సినిమాలూ చాలావరకు ఇలా చేతినుంచి చేతికే ప్రయాణం చేశాయి: బ్లూటూత్ మీద, మెమరీ కార్డుల్లో, ఆ తర్వాత ఈ యాప్‌లలో. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌ల జాబితాలో షేర్‌ఇట్, జెండర్ రెండూ ఉన్నాయి.

మొదటి పద్ధతిలో అడిగేవాళ్ళు వేరు, ఇచ్చేవాళ్ళు వేరు. ఇచ్చే యంత్రాన్ని సర్వర్ అంటారు, అడిగే యంత్రాన్ని క్లయింట్ అంటారు. రెండో పద్ధతిలో ఆ తేడా లేదు. ప్రతి యంత్రమూ అడగగలదు, ప్రతి యంత్రమూ ఇవ్వగలదు. ఇలా సాటి యంత్రాలు తమలో తాము అల్లుకున్న వలని పీర్ టు పీర్ నెట్‌వర్క్ అంటారు. బెంచీ మీద ఇద్దరి మధ్య అది సులువు. ఒకరినొకరు ఎన్నడూ చూడని పది లక్షలమంది మధ్య, ఎవరు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతారో తెలియని చోట, ఎవరి మాట నమ్మాలో తెలియని చోట అదే పని ఎలా జరుగుతుందన్నది గత పాతికేళ్ళలో కంప్యూటర్ శాస్త్రం సాధించిన అందమైన జవాబుల్లో ఒకటని నా నమ్మకం.

ఇంటర్నెట్ పుట్టుకలోనే ఈ సమానత్వం ఉంది. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫోర్డ్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి ఆర్పానెట్ మీద మొదటి సందేశం వెళ్ళినప్పుడు రెండు కొసల్లోనూ ఉన్నవి ఒకే హోదా ఉన్న కంప్యూటర్లు. 1990లలో వెబ్ వచ్చి, ఇళ్ళలోని చిన్న కంప్యూటర్లు టెలిఫోన్ తీగతో కాసేపు తగులుకుని మళ్ళీ తెగిపోవడం మొదలయ్యాక ఇల్లు అడిగేదిగా, కంపెనీ ఇచ్చేదిగా స్థిరపడింది. ఆ ఏర్పాటు చాలా పనులకి మంచిదే. రైలు టికెట్ల లెక్క ఒకేచోట ఉండాలి, బ్యాంకు ఖాతా ఒకేచోట ఉండాలి. కానీ పుస్తకాలు?

శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ, పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి లోకంలో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టాలని ఆయన తలపెట్టారు. మన దేశంలో ఆ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో జరిగింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దానికి పెద్ద కేంద్రాలు. స్కానింగ్ చేసిన సంస్థల్లో తిరుమల తిరుపతి దేవస్థానం కూడా ఉంది. మరెక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు, అట్టలు ఊడిపోయి పురుగు తింటున్నవి, హైదరాబాదు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ వంటి చోట్లనుంచి వచ్చి తెరమీద ప్రత్యక్షమయ్యాయి. ఆ సైటులో పుస్తకాన్ని పేజీ తర్వాత పేజీగా మాత్రమే చూడగలిగేవాళ్ళం. మొత్తంగా దించుకోవడానికి ఉత్సాహవంతులు చిన్న ప్రోగ్రాములు రాసి అందరికీ పంచారు.

2017 ప్రాంతంలో, కాపీరైట్ అభ్యంతరాల నడుమ, ఆ సైటు మూతపడింది. ప్రజాధనంతో ఏళ్ళ తరబడి చేసిన పని ఒక్క చిరునామా మీద ఆధారపడి ఉన్నందువల్ల ఆ చిరునామాతోపాటే కనుమరుగయ్యే స్థితి వచ్చింది. అలా కాకుండా కాపాడింది ప్రతులే. కార్ల్ మాలముడ్ స్థాపించిన పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ అందులోని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరో గ్రంథాలయ సైటులో చేర్చింది. ఈరోజు మీరు ఏ పాత తెలుగు నవల కోసమో వెతికితే చిరునామాలో ‘ఇన్.ఎర్నెట్.డిఎల్ఐ.2015’ అనే ముక్క కనిపిస్తుంది చూడండి, అది ఆ మూతపడిన గ్రంథాలయం ముద్ర. వివరాల్లో ట్రిపుల్ ఐటీ స్కానింగ్ కేంద్రం పేరు కూడా చాలా పుస్తకాలకి అలాగే నిలిచి ఉంది.

దీనివల్ల ఒక ప్రశ్న పుడుతుంది. ఇలాంటి ప్రతులు వేలమంది దగ్గర విడివిడిగా ఉన్నాయనుకుందాం. ఎవరి దగ్గర ఏది ఉందో నాకెలా తెలియాలి?

మొదటి జవాబు 1999 జూన్‌లో వచ్చింది. షాన్ ఫానింగ్ అనే పందొమ్మిదేళ్ళ లోపు కుర్రవాడు నాప్‌స్టర్ అనే ప్రోగ్రాము రాశాడు. పాటలు ఎవరి కంప్యూటర్లో వాళ్ళవి అక్కడే ఉంటాయి. నాప్‌స్టర్ కంపెనీ సర్వరులో ఉండేది పట్టిక మాత్రమే: ఫలానా పాట ఫలానావాళ్ళ దగ్గర ఉంది అని. మీరు పట్టికని అడుగుతారు, అది చిరునామా చెబుతుంది, పాట మాత్రం నేరుగా ఆ ఇంటినుంచి మీ ఇంటికి వస్తుంది. కోట్లమంది చేరారు. పాటల కంపెనీలు ఆ డిసెంబర్లోనే కోర్టుకెక్కాయి, 2001 జూలైకల్లా నాప్‌స్టర్ ఆగిపోయింది. పాటలన్నీ జనం దగ్గరే భద్రంగా ఉన్నా, పట్టిక ఒక్కచోట ఉండడంవల్ల ఆ పట్టికని ఆపితే వల మొత్తం ఆగింది.

రెండో జవాబు దానికి పూర్తిగా ఎదురు కొస. 2000 మార్చిలో జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ అనే ఇద్దరు నుటెల్లా అనే ప్రోగ్రాము విడుదల చేశారు. వాళ్ళ కంపెనీ యజమాని అయిన ఏఓఎల్ ఒక్కరోజులోనే దాన్ని వెనక్కి తీయించింది. అప్పటికే దించుకున్నవాళ్ళు దాని పనితీరు పసిగట్టి సొంతంగా రాసుకున్నారు. నుటెల్లాలో పట్టికే లేదు. మీ కంప్యూటరుకి నాలుగు కంప్యూటర్లు తెలుసు. వాటిని అడుగుతుంది. అవి తమకు తెలిసిన మిగతా మూడేసింటిని అడుగుతాయి. అలా ఏడు అంచెలు. లెక్క వేస్తే ఒక్క ప్రశ్న 4,372 కంప్యూటర్లకి చేరుతుంది. ఆ కంప్యూటర్లన్నీ ప్రశ్నలు కూడా అడుగుతున్నాయి కదా, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి టెలిఫోన్ తీగ మీద ఉన్న బీద యంత్రాలు ఊపిరాడక చచ్చేవి. ఇంత అరిచినా, ఎనిమిదో అంచెలో ఉన్న అరుదైన ఫైలు దొరకదు.

పరిశోధకులకి ఇది పండగ. లోకంలో ఇంతకు ముందెన్నడూ లేని ఒక జనసమూహం, కొలవడానికి వీలుగా, కళ్ళముందు ఉంది. ఐఐటీ మద్రాసులో చదివి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన కృష్ణ గుమ్మడి, స్టెఫాన్ సరోయు, స్టీవెన్ గ్రిబుల్‌లతో కలిసి నాప్‌స్టర్, నుటెల్లా వాడకందారులను కొలిచి 2002లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో అందరూ చదివేది. వాళ్ళు చూపించిన ముఖ్య విషయం, సాటి యంత్రాలన్న మాటే గానీ అవి సమానం కావని. కొన్నిటి తీగ వెడల్పు మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక యంత్రం వచ్చి ఉండే సమయం, మధ్యస్థంగా చూస్తే, సుమారు ఒక గంట. అంతకు రెండేళ్ళ ముందు జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయంలో ఏటన్ అడార్, బెర్నార్డో హూబర్మన్ ఇంకో నిజం బయటపెట్టారు: నుటెల్లాలో దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా ఇతరులకి ఇవ్వడం లేదు, జవాబుల్లో సగం దాకా ఒక్క శాతం యంత్రాల నుంచే వస్తున్నాయి.

అంటే రెండు చిక్కులు. వెతకడం ఎలా, ఇచ్చేలా చేయడం ఎలా. 2001లో రెండింటికీ విడివిడిగా, ఒకరికొకరు సంబంధం లేకుండా, జవాబులు వచ్చాయి.

వెతకడం సంగతి ముందు. ఆ ఏడాది నాలుగు బృందాలు దాదాపు ఒకేసారి ఒకే ఆలోచనని నాలుగు రూపాల్లో ప్రకటించాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బృందం పెట్టిన పేరు కార్డ్. అందులో ఐఐటీ మద్రాసులోనే చదివిన హరి బాలకృష్ణన్ ఉన్నారు. సిల్వియా రత్నసామి, సహచరులు చేసింది క్యాన్. మిగతా రెండు పేస్ట్రీ, టేపెస్ట్రీ. మరుసటి ఏడాది పెటార్ మేముంకోవ్, డేవిడ్ మజియేర్ చేసిన కడెమ్లియా మాత్రం ఇవాళ్టికీ కోట్ల యంత్రాల్లో నడుస్తోంది కాబట్టి దాన్నే చెబుతాను.

ప్రతి కంప్యూటరుకీ 160 బిట్ల (0 లేదా 1 అంకెల) పొడవున్న ఒక సంఖ్య పేరుగా ఉంటుంది. ప్రతి ఫైలుకీ, దాని అక్షరాలనుంచే గణించిన, అంతే పొడవున్న సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ గణన ఎలాంటిదంటే, ఫైలులో ఒక్క చుక్క మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. దాన్ని ఫైలు వేలిముద్ర అందాం. నియమం ఒకటే: ఒక ఫైలు ఎవరి దగ్గర ఉందన్న సమాచారాన్ని, ఆ ఫైలు సంఖ్యకి దగ్గరి సంఖ్య ఉన్న కంప్యూటర్లు గుర్తుపెట్టుకోవాలి. నాప్‌స్టర్ పట్టికని కోటి ముక్కలు చేసి కోటి యంత్రాలకి పంచినట్టన్నమాట. ఇక్కడ దగ్గర అంటే ఊళ్ళ మధ్య దూరం కాదు. రెండు సంఖ్యల్లో ఎడమవైపు నుంచి ఎన్ని బిట్లు కలిస్తే అంత దగ్గర. వి.కోట కంప్యూటరుకి కుప్పం కంప్యూటరు దూరమూ, నార్వే కంప్యూటరు దగ్గరా కావచ్చు.

సులువు కోసం 160 బదులు నాలుగు బిట్లే అనుకుందాం. మీ కంప్యూటరు పేరు 0110. మీకు కావలసిన ఫైలు సంఖ్య 1011. కడెమ్లియాలో ప్రతి యంత్రమూ తనకు దూరంగా ఉన్నవాళ్ళలో కొందరిని, దగ్గరున్నవాళ్ళలో మరికొందరిని గుర్తుంచుకుంటుంది. మీకు 1తో మొదలయ్యే 1100 తెలుసు. దాన్ని అడుగుతారు. దానికి ఫైలు సంగతి తెలియదు, 10తో మొదలయ్యే 1000 తెలుసు. 1000ని అడిగితే అది 101తో మొదలయ్యే 1010ని చూపుతుంది. 1010 దగ్గర సమాధానం ఉంది. ప్రతి అడుగుతోనూ వెతకాల్సిన లోకం సగానికి తగ్గుతోంది. రెండుని ఇరవైసార్లు హెచ్చిస్తే 10,48,576 వస్తుంది కాబట్టి, పది లక్షల యంత్రాల వలలో కూడా ఇరవై అడుగులకి మించి పట్టదు. కోటి అయితే ఇంకో మూడో నాలుగో అడుగులు. ఎవరూ అరవనక్కర్లేదు, పట్టిక ఎవరి చేతిలోనూ లేదు, ఆపడానికి ఒక్క తలుపు లేదు. యంత్రాలు గంటకోసారి మాయమైపోతుంటాయి గనక ప్రతి సమాచారాన్నీ దగ్గరి సంఖ్యలున్న పలు యంత్రాల్లో పెడతారు. ఎక్కువసేపు నిలిచి ఉన్న యంత్రాలు ఇంకా నిలిచి ఉండే అవకాశం ఎక్కువని నుటెల్లా కొలతల్లో తేలింది కాబట్టి పాత పరిచయాలను వదలకుండా ఉంచుకోవాలని కడెమ్లియా నియమం పెట్టుకుంది. కొలిచినవాళ్ళ కష్టం కట్టినవాళ్ళకి ఇలా అక్కరకొచ్చింది.

ఇచ్చేలా చేయడం సంగతి. 2001 జూలైలో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ విడుదల చేశాడు. 700 మెగాబైట్ల ఫైలు ఒకటి ఉందనుకోండి. దాన్ని 256 కిలోబైట్ల ముక్కలుగా కోస్తే 2,800 ముక్కలవుతాయి. ఒక ముక్క చేతికి రాగానే, మిగతావి ఇంకా రాకముందే, మీరు దాన్ని వేరేవాళ్ళకి ఇవ్వడం మొదలుపెడతారు. ఇందులో లాభమెంతో చూడాలి. ఆ ఫైలు వెయ్యిమందికి కావాలి. సెకనుకి 100 మెగాబిట్లు పంపగల సర్వరు ఒక్కటే అందరికీ ఇస్తే, పంపాల్సిన మొత్తం 56 లక్షల మెగాబిట్లు, పట్టే సమయం 56,000 సెకన్లు, అంటే పదిహేనున్నర గంటలు. అదే వెయ్యిమందీ తలా 10 మెగాబిట్ల చొప్పున ఒకరికొకరు ఇచ్చుకుంటే వల మొత్తం శక్తి 10,100 మెగాబిట్లు. ఆదర్శ స్థితిలో పని పది నిమిషాల లోపు అయిపోతుంది. సర్వరు దగ్గర జనం పెరిగేకొద్దీ క్యూ పెరుగుతుంది. ఇక్కడ జనంతోపాటే శక్తి పెరుగుతుంది.

ఇవ్వకుండా తీసుకునేవాళ్ళ మాటేమిటి? మన పల్లెల్లో కూలికి డబ్బులేని రైతులు ముయ్యాళ్ళుగా పోతారు. ఈరోజు వాళ్ళ చేలో నాట్లకి మనం, రేపు మన చేలో నాట్లకి వాళ్ళు. రాని ఇంటికి మళ్ళీ ఎవరూ పోరు. బిట్‌టొరెంట్ సరిగ్గా ఈ ముయ్యికి ముయ్యి పద్ధతినే యంత్రాలకి నేర్పింది. మీ కంప్యూటరు తనకి బాగా ఇస్తున్న కొద్దిమందిని ఎంచుకుని వాళ్ళకే ఇస్తుంది. పది సెకన్లకోసారి లెక్క మళ్ళీ చూసుకుంటుంది. ఇంతే అయితే కొత్తగా వచ్చినవాళ్ళకి బతుకులేదు, ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ముక్కే లేదు గదా. అందుకే ముప్ఫై సెకన్లకోసారి ఎవరో ఒక అపరిచితుణ్ణి ఎంచుకుని ఏమీ ఆశించకుండా ఇచ్చి చూస్తుంది. ఆ ఔదార్యం లేకపోతే వల కొత్తవాళ్ళని చేర్చుకోలేదు. ఇంకో నియమం నాకు మరీ ఇష్టం: అందరికన్నా తక్కువమంది దగ్గర ఉన్న ముక్కని ముందు అడగాలి. దానివల్ల అరుదైన ముక్కలు త్వరగా పెరుగుతాయి, ఉన్న ఒక్క మనిషి కంప్యూటరు కట్టేసి పోయినా ఫైలు అసంపూర్తిగా మిగలదు. వచ్చిన ముక్క అసలుదో నకిలీదో వేలిముద్ర చూస్తే తేలిపోతుంది కాబట్టి ఇచ్చినవాళ్ళు ఎవరన్నది అడగనక్కర్లేదు. నమ్మకాన్ని మనుషుల మీదనుంచి గణితం మీదకి మార్చడమంటే ఇదే. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ ఈ మార్పుని డబ్బుదాకా తీసుకుపోయింది. దానికి ఇంకో అధ్యాయం కావాలి.

2005లో బిట్‌టొరెంట్ కడెమ్లియా తరహా వెతుకుడుని కలుపుకుంది. రెండు జవాబులూ ఒకే ఇంట చేరాయి.

ఈ పరిశోధనలు జరుగుతున్నప్పుడు మన ప్రాంతం ఎక్కడుంది? కడెమ్లియా వచ్చిన 2002లోనే హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టింది. ఊళ్ళలో సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటరు కావలసినవాళ్ళు అక్కడికి వెళ్ళేవారు. సాటి యంత్రాల వల కావాలంటే ముందు ఎవరి యంత్రం వాళ్ళకుండాలి. అది ఆ రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్ళలో ఉండేది. ఫైళ్ళు పంచుకునే డీసీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రాము పేరు చెబితే ఆ కాలంలో చదివినవాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. బయటి ఇంటర్నెట్ నత్తనడక, లోపలి లాన్ తీగ మాత్రం మహా వేగం. ఒక గదిలోకి వచ్చిన సినిమా, పాఠం, సాఫ్ట్‌వేర్ రాత్రికల్లా అన్ని గదుల్లోనూ ఉండేవి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందమే కజా అనే వలని 200 రోజులు గమనించి 2003లో చెప్పింది కూడా ఇదే: విశ్వవిద్యాలయం బయటినుంచి దించుకుంటున్నదానిలో చాలా భాగం లోపలే ఎవరో ఒకరి దగ్గర అప్పటికే ఉంది. మన హాస్టలు కుర్రాళ్ళు ఆ పత్రం చదవలేదు. అవసరం వాళ్ళకి అదే నేర్పింది.

ఈ వలల వల్ల జరిగిన నష్టాన్ని దాచడం నాకిష్టం లేదు. 2013 సెప్టెంబర్లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకి ముందే దాదాపు సగం సినిమా బయటికి వచ్చేసి ఇంటర్నెట్లో పాకింది. నిర్మాతలు అక్టోబర్ విడుదలని సెప్టెంబర్ 27కి ముందుకు జరపాల్సి వచ్చింది. మెమరీ కార్డులో పడినా, టొరెంటులో పడినా, పంచుకునే చేతులు ఎక్కువైనప్పుడు వెనక్కి తీసుకోవడమనేది ఉండదు. మూతపడిన గ్రంథాలయం పుస్తకాల్ని బతికించిన గుణమూ, వందలమంది ఏళ్ళ శ్రమని దోచిన గుణమూ ఒకటే. అమెరికా సుప్రీం కోర్టు 2005 జూన్‌లో గ్రోక్‌స్టర్ కేసులో, దొంగతనానికి ప్రోత్సహిస్తూ ప్రోగ్రాము పంచితే ఆ పంచినవాళ్ళది బాధ్యత అని తేల్చింది. ప్రోగ్రాము నేరం కాదు, ప్రోత్సాహం నేరం. ఆ గీత సరైన చోటే పడిందనుకుంటాను.

ఇక ఇప్పటి వి.కోటకి వద్దాం. ఇప్పుడు అందరి చేతిలోనూ యంత్రముంది, అది నాప్‌స్టర్ నాటి ఏ ఇంటి కంప్యూటరుకన్నా శక్తిమంతం. అయినా అది సాటి యంత్రంగా నిలబడలేకపోతోంది. కారణం చిరునామా. ఇంటర్నెట్లో పాత పద్ధతి చిరునామాలు 32 బిట్లవి, మొత్తం సుమారు 430 కోట్లు. 2011 ఏప్రిల్‌కే ఆసియా ప్రాంతపు వాటా అడుగంటింది. అందుకని టెలికాం కంపెనీ వేలమంది ఫోన్లని ఒకే బయటి చిరునామా వెనక దాచి ఉంచుతుంది. లోపలినుంచి మీరు ఎవర్నైనా పిలవగలరు, బయటినుంచి ఎవరూ మిమ్మల్ని నేరుగా పిలవలేరు. అడగడానికే తప్ప ఇవ్వడానికి పనికిరాని స్థితి.

దీనికి ఒక చమత్కారమైన దారి ఉంది. మీరూ, కువైట్‌లోని మీ తమ్ముడూ ఇద్దరూ ఇలాంటి గోడల వెనకే ఉన్నారు. ఇద్దరి ఫోన్లూ ముందు ఒక మూడో సర్వరుని పలకరిస్తాయి. ఆ సర్వరు ఎవరు ఏ బయటి చిరునామా, ఏ పోర్టు (ఆ చిరునామాలోని తలుపు నంబరు) నుంచి వచ్చారో చూసి రెండోవారికి చెబుతుంది. వెంటనే రెండు ఫోన్లూ ఒకేసారి ఒకదానికొకటి కబురు పంపుతాయి. బయటికి పంపిన కబురు కోసం గోడలో ఒక కంత తెరుచుకుంటుంది, అవతలి కబురు ఆ కంతలోంచి లోపలికి వస్తుంది. వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ వీలైనప్పుడల్లా ఇలాగే నేరుగా నడుస్తుంది. ఈ కంత దొరక్కపోతే మాటలన్నీ నడిమి సర్వరు మీదుగా పోతాయి. నేరుగా మాట్లాడుకుంటే అవతలివారికి మీ ఐపీ చిరునామా తెలుస్తుంది గనక, 2023లో వాట్సాప్ దాన్ని దాచి కావాలని సర్వరు మీదుగానే పంపే వీలు కూడా సెట్టింగుల్లో పెట్టింది.

ఈ దారిని ఇంటింటికీ తెచ్చింది స్కైప్. కజా చేసిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, యానుస్ ఫ్రీస్, వాళ్ళ ఎస్టోనియా ప్రోగ్రామర్లు 2003 ఆగస్టులో దాన్ని విడుదల చేశారు. గోడలు లేని, తీగ వెడల్పున్న వాడకందారుల కంప్యూటర్లనే పెద్ద కూడళ్ళుగా ఎంచుకుని మిగతావాళ్ళ కాల్స్‌ని కలిపేవారు. 2007 ఆగస్టు 16న విండోస్ అప్‌డేట్ తర్వాత లోకమంతా కంప్యూటర్లు ఒకేసారి ఆగి మళ్ళీ మొదలయ్యాయి. కూడళ్ళు కూడా ఆగాయి, లేచినవన్నీ ఒక్కసారే తలుపు తట్టాయి, స్కైప్ రెండు రోజులు మూగబోయింది. 2012లో మైక్రోసాఫ్ట్ ఆ కూడళ్ళని తన సొంత డేటా సెంటర్లకి మార్చేసింది. 2014లో స్పాటిఫై కూడా సాటి యంత్రాలను వదిలి సర్వర్లకి మళ్ళింది. బ్యాటరీ మీద బతికే ఫోన్లు, క్షణక్షణం మారే సిగ్నలు, చవకైన సర్వర్లు: మూడూ కలిసి వలని మళ్ళీ నడుమకి లాగాయి. స్కైప్ 2025 మే 5న పూర్తిగా ఆగిపోయింది.

గాలి మళ్ళీ మారే సూచనలూ ఉన్నాయి. కొత్త పద్ధతి చిరునామాలు 128 బిట్లవి, ఎన్ని వాడినా తరగవు. భారతదేశంలో ఇంటర్నెట్ వాడేవాళ్ళలో మూడింట రెండు వంతులకు పైగా ఇప్పటికే వాటిమీద ఉన్నారు. ఈ విషయంలో మనం లోకంలో ముందువరుస. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్‌ని 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఆ ఫైబర్ తరహా తీగల్లో ఇంట్లోకి వచ్చే దారి సెకనుకి రెండున్నర గిగాబిట్లయితే, ఇంట్లోంచి పోయే దారి అందులో సగం. దాన్ని చాలా ఇళ్ళు పంచుకుంటాయి, అయినా ఇవ్వడానికి అది చాలు. ల్యాబులో ఇరవై కంప్యూటర్లున్న మదనపల్లె కాలేజీలో విండోస్ అప్‌డేట్ ఒకసారి బయటినుంచి వస్తే మిగతావి పక్కవాటినుంచే దించుకునే ఏర్పాటు 2015 నాటి విండోస్ 10 నుంచీ ఉంది.

నా మనసు మాత్రం పుస్తకాల దగ్గరే ఉంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో 1990ల చివర లాక్స్ అనే పని మొదలైంది. చాలా ప్రతులుంటే సరుకు క్షేమం అన్నది దాని పేరులోనే ఉన్న సూత్రం. చాలా గ్రంథాలయాలు ఒకే పత్రిక ప్రతులను తలా ఒకటి దాచుకుంటాయి. అప్పుడప్పుడూ వాటి యంత్రాలు వేలిముద్రలు పోల్చుకుంటాయి. ఒకరి ప్రతి చెడిపోయిందని తేలితే ఆ యంత్రం మిగతావాళ్ళ దగ్గర్నుంచి దాన్ని బాగుచేసుకుంటుంది. ఈ పోల్చుకోవడాన్ని కావాలనే నిదానంగా చేస్తారు, దొంగ ఒకడు చొరబడినా అన్ని ప్రతులనీ ఒక్కరాత్రిలో చెరపలేకుండా.

ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 ఆగస్టులో తన దగ్గరున్న పది లక్షలకు పైగా అంశాలకి టొరెంట్లు (బిట్‌టొరెంట్‌తో దించుకునే వీలు) తెరిచింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకం పేజీ తెరిస్తే, పీడీఎఫ్ పక్కనే టొరెంట్ అని ఉంటుంది. ఆ టొరెంటులో ఆర్కైవ్ సర్వర్లే ఆఖరి దిక్కుగా రాసి ఉంటాయి. ఇంకెవరి దగ్గరా ఆ పుస్తకం లేకపోతే ముక్కలన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. 2024 అక్టోబర్ 9న ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి, కొన్ని రోజులపాటు సైటు అందలేదు. అలాంటప్పుడు కూడా సాటి యంత్రాలు దాచి ఉంచిన టొరెంట్లు నడవగలవు. ఆఖరి దిక్కు మీదే ఆధారపడినవి ఆగుతాయి.

మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళదాకా కాపీరైటు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి రచనలు అందరివీ. స్కాన్ చేసిన పుస్తకం ఒక్కోటి 20 మెగాబైట్లనుకుంటే 1,500 పుస్తకాలు 30 గిగాబైట్లు, ఒక 32 గిగాబైట్ల మెమరీ కార్డులో పడతాయి. కొత్త పద్ధతి చిరునామా ఉన్న ఫైబర్ తీగకి వి.కోటలో ఎవరైనా పాత ల్యాప్‌టాప్ తగిలించి, రౌటరులో బయటినుంచి వచ్చే పిలుపుకి దారి తెరిచి, ఆ పుస్తకాల టొరెంట్లు నడుపుతూ ఉంచితే, ప్రతి పుస్తకం వేలిముద్రకీ దగ్గరి సంఖ్య ఉన్న ఏ పోలండు కంప్యూటరో, ఏ బ్రెజిల్ కంప్యూటరో ‘ఇది ఫలానా చిరునామాలో ఉంది’ అని రాసుకుంటుంది. రాసుకున్నదాన్ని అది ఎక్కువసేపు ఉంచుకోదు. కొద్ది నిమిషాలకోసారి ల్యాప్‌టాప్ ఆ మాట మళ్ళీ చెప్పాలి. చెప్పడం ఆగితే చెరిపేస్తుంది.